జాప్యం

మా అమ్మమ్మ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం. నేను స్కూల్లో చదివేటప్పుడు చెన్నై నుంచి ఫోన్ చేసి "తిన్నావా అమ్మమ్మా?" అంటే, కాసేపు ఏమీ వినిపించేది కాదు. మళ్ళీ అడిగేలోపు ఆ జవాబు వచ్చేది. ఇద్దరి మాటలూ ఢీకొనేవి. "అమ్మమ్మకి చెవుడొచ్చింది" అని విసుక్కునేదాన్ని.

ఈ మధ్య కంప్యూటర్ క్లాసులో లేటెన్సీ అనే మాట విన్నాను. మన భాషలో జాప్యం. బ్యాండ్‌విడ్త్ రోడ్డు వెడల్పు అయితే, లేటెన్సీ ప్రయాణానికి పట్టే సమయం. రోడ్డు ఎంత వెడల్పు చేసినా ఊరు దగ్గరవదు కదా! చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటాన్ని పింగ్ అంటారు. నా "తిన్నావా?" కూడా పింగే.

అప్పట్లో అండమాన్‌కి ఉపగ్రహమే దారి. మాట దాదాపు 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి, అంత దూరమూ కిందికి దిగాలి. దానికి పావు సెకను, జవాబుకి మరో పావు సెకను. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. దీవులన్నీ కలిపి సుమారు 2,300 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇప్పుడు ఆ ఆలస్యం మనకి తెలియనే తెలియదు.

మొన్న ఫోన్‌లో ఇదంతా చెప్పి, "అప్పుడు విసుక్కున్నాను, తప్పయిపోయింది అమ్మమ్మా" అన్నాను.

వెంటనే జవాబొచ్చింది: "అది సరేగానీ, నెల్లాళ్ళకా ఫోను సేసేది?"

ఈ జాప్యం మాత్రం ఉపగ్రహానిది కాదు, నాదే.