జాకీ మీద కారు, కారు కింద తమ్ముడు

పొద్దున పాల ప్యాకెట్ కోసం దిగితే, సెల్లార్‌లో ఓ కారు ఒక పక్కకి లేచి ఉంది. కింద నుంచి రెండు కాళ్లు.

పై ఫ్లాట్ కుర్రాడు.

"తమ్ముడూ, ముందు బయటికి రా."
"రెండు నిమిషాలన్నా, ఏదో కటకట సౌండొస్తోంది."

డిక్కీలో ఇచ్చే మడత జాకీ ఒక్కటే ఆధారం! అది స్టెప్నీ మార్చుకోడానికి. కింద పడుకోడానికి కాదు బాబూ. పాపం వాచ్‌మన్ సాయంగా సిమెంటు ఇటుకలు తెచ్చాడు. అవింకా భయం, చెప్పాపెట్టకుండా పగులుతాయి.

బయటికొచ్చాక చూస్తే జాకీ పెట్టిన చోటూ తప్పే. డోర్ల కింది అంచున, చక్రాల దగ్గర గాట్లుంటాయి. జాకీ తల కూర్చోవాల్సింది అక్కడ. ఇతనేమో ఫ్లోర్ రేకుకి ఆనించాడు. అప్పడంలా లోపలికి నొక్కుకుపోయింది. అదే ఎలక్ట్రిక్ కారై, బ్యాటరీ పెట్టెకి తగిలుంటే? బిల్లు ఊహించుకోండి.

చదునైన గట్టి నేల, హ్యాండ్‌బ్రేక్, ఫస్ట్ గేర్, కదలకుండా చక్రాలకి అడ్డు. ఇవి అందరికీ తెలిసినవే. కిందికి దూరాలంటే మాత్రం జాక్ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకి దించాల్సిందే. హైడ్రాలిక్ జాకీ అయినా అంతే, సీలు లీకైతే దిగిపోతుంది.

"రీల్ చూసే చేశానన్నా" అన్నాడు. రీల్‌లో స్టాండ్లున్నాయట. ఆ ముక్క స్కిప్ చేశాడట మనోడు!

మీలో ఇంట్లో స్టాండ్లున్నవాళ్లెవరు? ఎన్ని టన్నులవి కొన్నారు? కామెంట్లో చెప్పండి, ఆ కుర్రాణ్ణి ట్యాగ్ చేస్తా.