మంచు కింద చేప... చీకట్లో వేట!

బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలి. కనుచూపుమేరా తెల్లగా పరచుకున్న మంచు. దానిమీద అగ్గిపెట్టెలు పేర్చినట్లు చిన్నచిన్న గుడిసెలు. వాటికి కిటికీలుండవు. తలుపేస్తే లోపల చిమ్మచీకటి. అయినా లోపలున్న మనిషి రెప్ప వేయకుండా తన కాళ్ల దగ్గరికే చూస్తుంటాడు. ఎందుకంటే అక్కడ మంచులో కోసిన కన్నంలోంచి లేతాకుపచ్చ వెలుతురు పైకొస్తుంటుంది. ఆ వెలుతురులో నీటి అడుగునున్న గడ్డిపోచ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. చేతికందే దూరంలో బరువైన ఈటె. గంటల తరబడి ఎదురుచూశాక ఎప్పుడో ఓసారి... ఓ పొడవాటి నీడ చప్పుడు లేకుండా ఆ వెలుతురులోకి జారుతుంది.

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో శీతాకాలమంతా సాగే వేట ఇది. పేరు డార్క్‌హౌస్ స్పియరింగ్. మన భాషలో చీకటి గుడిసె వేట అనుకోవచ్చు. వేటాడేది పైక్ అనే చేపని. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా ఈటె విసరడమే ఇందులో గొప్ప విద్య అనుకుంటారు. నాలుగు రోజులు ఆ గుడిసెలో కూర్చుంటే తెలుస్తుంది... విసరడం చాలా తేలిక, విసరకుండా ఆగడమే కష్టమని!

సరస్సు మీద ఊరు

మిన్నెసోటా వాహనాల నంబరు ప్లేట్ల మీద ‘పదివేల సరస్సులు’ అని రాసి ఉంటుంది. నిజానికి పదెకరాలూ అంతకు మించినవి లెక్కేస్తే అక్కడున్నవి 11,842. డిసెంబరు వచ్చేసరికి వాటిలో చాలావరకూ గడ్డకడతాయి. అప్పుడిక సరస్సే రోడ్డు. మంచు బాగా బిగిశాక దానిమీద కార్లు తిరుగుతాయి. ట్రక్కులు గుడిసెల్ని లాక్కొస్తాయి. వేసవిలో పడవలు తిరిగినచోట ఓ చిన్న ఊరే వెలుస్తుంది. ఉద్యోగాల కోసం మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు మొదటి ఏడాది చూసి నోరెళ్లబెట్టే దృశ్యాల్లో ఇదొకటి.

మినియాపొలిస్ నుంచి కారులో మూడున్నర నాలుగు గంటలు ఉత్తరానికి వెళ్తే బెమిడ్జీ వస్తుంది. మిసిసిపీ నది పుట్టే ఇటాస్కా సరస్సు ఆ దగ్గర్లోనే. చుట్టూ పైన్ అడవులు, ఎటుచూసినా నీళ్లు. అలాంటి సరస్సుల్లో ఒడ్డుకి దగ్గరగా నాచూ గడ్డీ పెరిగేచోట ఉంటుంది పైక్. సన్నగా పొడవాటి ఒళ్లు, బాతుముక్కులాంటి మూతి, నోటినిండా సూదుల్లాంటి పళ్లు. మన కొర్రమీనులాగే ఇదీ మాటువేసి కొట్టే రకం. గడ్డిలో కదలకుండా ఉండి, చిన్నచేప కనిపించగానే బాణంలా దూసుకొస్తుంది. చలికాలంలో చాలా చేపలు మందగిస్తాయి కానీ, దీని ఆకలికి మాత్రం మంచు అడ్డుకాదు.

సరస్సంతా గడ్డకడితే చేప ఎలా బతుకుతుందంటారా? నీళ్లు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అందుకని ఆ నీళ్లు అడుగుకి చేరతాయి. అంతకన్నా చల్లబడ్డవి పైకి తేలి గడ్డకడతాయి. అలా పైన కట్టిన మంచే కింద నీళ్లకి దుప్పటి అవుతుంది!

దుప్పటి కప్పుకుని...

ఈ వేట తెల్లవాళ్లు కనిపెట్టింది కాదు. ఆ సరస్సుల చుట్టూ తరతరాలుగా బతుకుతున్న ఓజిబ్వే వంటి ఆదివాసీ తెగలది. మంచులో కన్నం చేసి, దానిమీద బోర్లా పడుకుని, వెలుతురు చొరబడకుండా పైన దుప్పటో తోలో కప్పుకునేవారు. ఓ చేత్తో కొయ్యచేపను నీళ్లలో ఆడిస్తూ, రెండో చేత్తో ఈటె పట్టుకుని ఎదురుచూసేవారు. ఆ దుప్పటే తర్వాత గుడిసె అయింది. మిగతాదంతా అప్పటిలాగే ఉంది.

ఓజిబ్వే భాషలో పైక్‌ని గినోజే అంటారు. విస్కాన్సిన్‌లోని కెనోషా నగరానికి ఆ పేరు అక్కడి ఆదివాసీలు ఈ చేపను పిలిచే మాటలోంచే వచ్చింది. అదే రాష్ట్రంలో లాక్ డు ఫ్లాంబో అనే ఊరుంది. ఫ్రెంచిలో కాగడాల సరస్సు అని అర్థం. వేసవి రాత్రుల్లో ఓజిబ్వేలు పడవల్లో కాగడాలు వెలిగించుకుని చేపల్ని పొడవడం చూసి ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరది.

ఈటె ఆ తెగలకి సరదా కాదు, హక్కు. 1837లో అమెరికా ప్రభుత్వానికి భూములు ఇచ్చినప్పుడు వేటాడే, చేపలు పట్టే హక్కుని తమదగ్గరే ఉంచుకున్నారు. తర్వాతి కాలంలో దానిమీద పెద్ద వివాదాలే నడిచాయి. 1980ల చివర్లో విస్కాన్సిన్ సరస్సుల ఒడ్డున ఓజిబ్వేలకి వ్యతిరేకంగా గొడవలు జరిగాయి. చివరికి మిన్నెసోటాలోని మిల్ లాక్స్ తెగ కేసులో ఆ హక్కు చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మంచుని నమ్మొచ్చా?

నేర్చుకోవాలని వచ్చినవాళ్లకి మొదటి పాఠం చేప గురించి కాదు, మంచు గురించి. మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ప్రకారం మనిషి నడవాలంటే కొత్తగా గడ్డకట్టిన గట్టి మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలి. స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్నకారుకి 9 నుంచి 10, మధ్యరకం ట్రక్కుకి 13 అంగుళాలు. అదీ అద్దంలా తేటగా ఉన్న మంచయితేనే. పాలలా తెల్లగా ఉంటే రెట్టింపు మందం కావాలి. పైగా ఒకచోట గట్టిగా ఉందని పదడుగుల అవతల కూడా అలాగే ఉంటుందనుకోకూడదు. కింద ఊటో ప్రవాహమో ఉంటే అక్కడ పొర పల్చబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు చేతిలో గునపంతో ముందు పొడుచుకుంటూ నడుస్తారు. మెడలో రెండు ఇనుప మేకుల పిడులు వేలాడుతుంటాయి. నీళ్లలో పడితే వాటిని మంచులోకి గుచ్చి పైకి పాకడానికి!

ఇదంతా అతి జాగ్రత్తేం కాదు. 2023 డిసెంబరు 29న బెమిడ్జీకి ఉత్తరాన ఉన్న అప్పర్ రెడ్ లేక్‌లో ఓ పెద్ద మంచుపలక ఒడ్డు నుంచి విడిపోయి కొట్టుకుపోయింది. దానిమీద చేపల వేటకి వెళ్లినవారు వందమందికి పైనే. అధికారులు వాళ్లందర్నీ ఒడ్డుకి చేర్చాల్సి వచ్చింది. ఆ 2023-24 శీతాకాలమే మిన్నెసోటా రికార్డుల్లో అన్నిటికన్నా వెచ్చనిది. చలి తగ్గితే మనకి హాయి. వాళ్లకి మాత్రం కాళ్లకింద నేల కదిలిపోవడమే.

నేలమీద వెండితెర

మంచు కుదిరాక గుడిసె. పాతరకంవి చెక్కతోనో రేకుతోనో చేసినవి. ఇప్పుడు మడిచి తీసుకెళ్లే గుడ్డ డేరాలూ వచ్చాయి. ఏదైనా లోపలికి వెలుతురు చొరబడకూడదు. పైన తెల్లటి ఎండ మంచుపొరలోంచి దిగి నీళ్లని వెలిగిస్తుంది. లోపలంతా చీకటి కాబట్టి నీటిమీద మెరుపు ఉండదు. అడుగుదాకా కనిపిస్తుంది. డేరా టాకీసులో సినిమా చూసినట్లే... కాకపోతే తెర గోడమీద కాదు, నేలమీద ఉంటుంది!

కన్నం సాధారణంగా రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. మరతో మూలల్లో తొలిచి, పొడవాటి పళ్ల రంపంతో కోస్తారు. కోసిన దిమ్మ బరువు పదుల కిలోలుంటుంది. దాన్ని పైకి లాగుతారు, లేదంటే పక్కకి మంచుకిందికి తోసేస్తారు. నీళ్ల లోతు మరీ ఎక్కువ అక్కర్లేదు. గడ్డి అంచున ఐదు నుంచి పన్నెండడుగులు చాలు. అడుగు నల్లగా ఉంటే చేప వచ్చినా కనబడదు. అందుకని పాతకాలం వాళ్లు బంగాళాదుంప ముక్కలో గుడ్డు పెంకులో కిందికి వదిలేవారు. ముగ్గుపిండి చల్లినట్లు తెల్లగా ఉన్న ఆ జాగా మీదుగా చేప వెళ్తే నీడ ఇట్టే తెలిసిపోతుంది.

లోపల చిన్న పొయ్యి వెలిగిస్తారు. ఇక్కడే మరో ప్రమాదం. గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, కూర్చున్నవాడికి తెలియదు. కాబట్టి గాలికి దారి వదలాలి. లోపల మనిషి ఉన్నంతసేపూ తలుపు బయటినుంచి తెరుచుకునేలా ఉండాలని అక్కడ చట్టమే ఉంది.

కొయ్యచేప నాట్యం

పైక్‌ని కన్నం దగ్గరికి రప్పించేది కొయ్యచేప. చెక్కతో చెక్కి, పొట్టలో సీసం పోసి, రేకుతో రెక్కలు పెడతారు. దారం కట్టి చిన్న కర్రతో ఆడిస్తే నీళ్లలో గుండ్రంగా ఈదుతుంది. దీనికి గాలం ఉండదు. పని పిలవడమే. చెక్కడం అక్కడో కళ. మిషిగన్‌లోని క్యాడిలాక్ ఊరివాడైన ఆస్కార్ పీటర్సన్ (1887-1951) ఇలాంటివి వేలల్లో చెక్కాడు. ఒకప్పుడు ఆయన కొద్దిపాటి డబ్బుకి అమ్మిన బొమ్మల్ని ఇప్పుడు సేకర్తలు వేల డాలర్లు పోసి కొంటున్నారు. వేటగాళ్లు మాత్రం చాలామంది తమ కొయ్యచేపను తామే చెక్కుకుంటారు. తాత చెక్కింది మనవడి చేతికి రావడమూ మామూలే.

విసిరితే వెనక్కి రాదు

ఇక ఈటె. మూడు నాలుగు కిలోల బరువు, చివర ఏడు నుంచి తొమ్మిది మొనలు, వాటికి ముళ్లు. వెనక తాడు కట్టి ఉంటుంది. సినిమాల్లోలా భుజం మీదినుంచి గిరాటేస్తే చేప ఎప్పుడో పారిపోతుంది. మొనల్ని ముందే మెల్లగా నీళ్లలోకి దించి ఉంచాలి. చేప సరిగ్గా కిందికొచ్చాక, తల వెనక్కి గురిచూసి నిట్టనిలువునా వదలాలి. బరువే మిగతా పని చేస్తుంది. పక్కకి ఉన్న చేప మనకి కనిపించినచోట ఉండదు. నీళ్లలో కాంతి వంగుతుంది కాబట్టి. నిలువుగా చూసినప్పుడే చూపు, గురి ఒకటవుతాయి.

అయితే అంతకుముందే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, అది పైకేనా? దాని దగ్గరి చుట్టం మస్కీ. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మిన్నెసోటాలో మస్కీని ఈటెతో పొడవడం నేరం. వాలై, బాస్ చేపల్నీ అంతే. ముదురు ఒంటిమీద లేతరంగు మచ్చలు, గుండ్రటి తోక కొసలుంటే పైక్. లేతరంగు ఒంటిమీద ముదురు గుర్తులు, మొనదేలిన తోక కొసలుంటే మస్కీ. ఇదంతా కొన్ని క్షణాల్లో, ఆ పచ్చటి వెలుతురులో గుర్తుపట్టాలి.

రెండోది పొడవు. మిన్నెసోటా సరస్సుల్లో ‘సుత్తి పిడులు’ అని పిలిచే బుల్లి పైక్‌లు పెరిగిపోయి పెద్దవి తగ్గిపోతుండటంతో 2018లో రాష్ట్రాన్ని మూడు మండలాలు చేసి కొలతలు పెట్టారు. ఉత్తర మధ్య మండలంలో రోజుకి పది పట్టొచ్చు. వాటిలో 26 అంగుళాలు దాటినవి రెండే. 22 నుంచి 26 అంగుళాల మధ్యవి దొరికితే గాలం వేసేవాళ్లు వదిలేయాలి. ఈటెవాళ్లకి వదలడం కుదరదు. పొడిచాక చేప బతకదు కదా! అందుకే వాళ్లకి అలాంటిది ఒక్కటి తీసుకునే వీలిచ్చి, దానికి బదులుగా పెద్దది ఒక్కటే అన్నారు. మిగతా మండలాల్లో లెక్కలు వేరు. కాబట్టి ప్రతి సీజనుకీ నిబంధనల పుస్తకం చదువుకునే మంచుమీదికి వెళ్లాలి.

పైనుంచి చూస్తే నీళ్లలోది ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. దీనికి అనుభవజ్ఞుల దగ్గరున్న చిట్కా తేలికైనది. కొయ్యచేప పొడవు మనకి తెలుసు. పైక్ దాని పక్కకి రాగానే ఎన్ని రెట్లుందో చూసుకోవాలి. అనుమానముంటే చెయ్యి కదపకూడదు. గాలం వేసేవాడు పొరపాటున పట్టినా వదిలేయగలడు. ఈటె పట్టినవాడికి ఆ అవకాశం లేదు. తప్పు చేయకుండా ఉండాల్సింది ముందే.

పొద్దుగూకితే ఇంటికే

సీజను నవంబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి చివరి ఆదివారంతో ముగుస్తుంది. అదీ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే. లైసెన్సు ఉండాలి. బయటివాళ్లకీ ఇస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లు తెలిసినవాళ్ల గుడిసెలో ఓ రోజు కూర్చుని ఊరికే చూడటం మేలు. ఒక్క పైకూ రాని రోజులుంటాయి. చిన్నచేపల గుంపు దాటిపోవడం, గడ్డి ఊగడం చూస్తూ పిల్లలు కూడా గంటలు మరిచిపోతారు.

దొరికిన చేపను వండటం మరో విద్య. పైక్ మాంసంలో ఇంగ్లిషు వై అక్షరంలాంటి ముళ్లు వరసగా ఉంటాయి. పులస తిన్నవాళ్లకి అది కొత్తేం కాదు! అక్కడివాళ్లు ఆ ముళ్లని కోసి తీసేసి వేయిస్తారు. లేదంటే సిర్కాలో ఊరబెడతారు. పులుపుకి ముళ్లు మెత్తబడతాయి.

వెళ్లేముందు చివరి పని ఒకటుంది. గుడిసె తీశాక ఆ కన్నం మీద రాత్రికి పల్చటి పొర కడుతుంది. తెలియనివాళ్లు అడుగేస్తే అంతే! అందుకే పైన్ కొమ్మలు గుచ్చి గుర్తుపెట్టి వెళ్తారు. మీ బంధువులెవరైనా మిన్నెసోటాలో ఉంటే ఈసారి ఫోన్లో అడిగి చూడండి. తెల్లటి సరస్సు మీద నిలబెట్టిన ఆ పచ్చటి కొమ్మల్ని వాళ్లూ చూసే ఉంటారు.