పెబ్బేరులో చివరి తూము లెక్క

హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కొత్తకోట తర్వాత పెబ్బేరు వస్తుంది. బయటి జనానికి శనివారం పశువుల సంతతో తెలిసిన ఊరు. నేను వెళ్లింది మాత్రం కాలువలు చూడ్డానికి. పాలమూరు నీటిపారుదలలోని మూడు దశలూ ఈ చుట్టుపక్కలే ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వనపర్తి సంస్థానం తవ్వించిన చెరువులు మొదటిది: పెబ్బేరు మహాభూపాల్ చెరువు, శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి ఉన్న చోట రంగసముద్రం. ఆత్మకూరు, రామన్‌పాడు మీదుగా వచ్చి వీపనగండ్ల వైపు సాగే జూరాల ఎడమ కాలువ రెండోది. మూడోది జలయజ్ఞం రోజుల్లో ఊపందుకున్న భీమా ఎత్తిపోతల. పాత రంగసముద్రాన్నే పెంచి రిజర్వాయరుగా మార్చింది అదే. ప్రాజెక్టు విలువ తెలుసుకోవాలంటే ఆనకట్ట దగ్గరకు వెళ్తే చాలదనీ, కాలువ చివరికి రావాలనీ ఇక్కడ తిరిగితే అర్థమవుతుంది. నా వాదనంతా దాని మీదే. మన ప్రభుత్వాలు ఖర్చును, ఆరంభోత్సవాలను లెక్కపెడతాయి గానీ చివరి తూముకు నీరు అందిన రోజులను లెక్కపెట్టవు. అందుకే ఒక ప్రాజెక్టు ముగియకముందే ఇంకోటి మొదలవుతుంది.

కృష్ణా నది మీది జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన 1981లో జరిగింది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ దీనికి 17.84 టీఎంసీలు కేటాయించింది. నీళ్లు పారడానికి తొంభైల నడిమి దాకా ఆగాల్సి వచ్చింది. కర్ణాటకలో మునిగే భూముల పరిహారం తేలేదాకా జలాశయాన్ని నిండుగా నింపనూ లేదు. లక్ష ఎకరాల పైచిలుకు ఆయకట్టు కోసం కట్టిన ఈ జలాశయం నిల్వ మొదట సుమారు 12 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు పది లోపే మిగిలింది. తర్వాత దీని మీదే భీమా పేరుతో 2 లక్షల పైన, నెట్టెంపాడు పేరుతో 2 లక్షలు, కోయిల్‌సాగర్ పేరుతో 50 వేల ఎకరాలు చేరాయి. అన్నీ కలిపితే ఐదున్నర లక్షల ఎకరాలు. వరద ఉన్నన్నాళ్లు జలాశయం నిండుతూ ఖాళీ అవుతూ అందరికీ సరిపోతుంది. వరద ఆగి యాసంగి వచ్చేసరికి వారబందీ, అంటే వంతులవారీ నీటి పంపకం, మొదలవుతుంది. అప్పుడు ఎగువ తూముల వాళ్లు వరి వేసుకుంటారు, కాలువ పొడవునా మోటార్లు పెట్టుకున్నవాళ్లు తోడుకుంటారు, మిగిలిందే కిందికి వస్తుంది. పెబ్బేరు దాటి వీపనగండ్ల దిక్కు పోయేకొద్దీ రైతు నోట వచ్చే మాట ‘చివరి ఆయకట్టు’. రికార్డులో ఆ భూమి మాగాణి. నిజంగా దాన్ని పండించేది బోరు.

నీళ్లు చివరిదాకా రాకపోవడానికి కారణం ఇంజనీరింగ్ కన్నా రాజకీయంలోనే ఎక్కువ ఉంది. పంపుహౌసు, సొరంగం, జలాశయం వేల కోట్ల ప్యాకేజీలు. ఒకరిద్దరు పెద్ద కాంట్రాక్టర్లతో పని అయిపోతుంది, ఆరంభించే రోజున ఫోటో పడుతుంది. పిల్లకాలువ అట్లా కాదు. పది గుంటలు ఒకరి దగ్గర, ఐదు గుంటలు ఇంకొకరి దగ్గర సేకరించాలి; వందల సంతకాలు, అన్నీ చిన్న బిల్లులు. దానికి శిలాఫలకం వేసేవాడు ఉండడు. లస్కర్ పోస్టులు ఏళ్ల తరబడి నింపకుండా వదిలేస్తే తలుపు ఎత్తేదెవరు, దించేదెవరు? 1997 చట్టంతో పుట్టిన నీటి సంఘాలకు చాలా ఏళ్లుగా ఎన్నికలు లేవు, కనుక ఎగువవాడిని అడిగే అధికారం దిగువవాడికి లేదు. నిర్వహణ డబ్బుకు బడ్జెట్‌లో ఎప్పుడూ చివరి వరుసే. వేల కోట్ల పని అక్కరకు రాకుండా చేస్తున్నవి లక్షల్లో తేలిపోయే పనులు.

దీని నష్టం ఎంతో కృష్ణా నదికి అవతలి ఒడ్డున ఉన్న అలంపూర్ చెబుతుంది. తుంగభద్ర మీది రాజోలిబండ కాలువలో తెలంగాణకు 15.9 టీఎంసీల వాటా, 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నాయి. నీరు కాలువ చివరిదాకా రాలేదు. చివరికి ఆ పాత ఆయకట్టునే తడపడానికి 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల తెచ్చారు. పల్లానికి తనంతట తాను పారాల్సిన నీటికి కరెంటు బిల్లు కట్టాల్సి వచ్చింది. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి, పంపుల నష్టం కలుపుకుని, సుమారు కోటి యూనిట్లు కావాలి. ఒక టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి పండుతుందనుకుంటే ఎకరానికి వెయ్యి యూనిట్లు; వరికైతే అంతకన్నా బాగా ఎక్కువ. శ్రీశైలం వెనుక జలాల నుంచి దశలవారీగా పైకి ఎత్తే పాలమూరు-రంగారెడ్డిలో ఈ ఎత్తు వందల మీటర్లు. కాళేశ్వరంలో రూపాయి ఖర్చుకు రూపాయిన్నర ప్రయోజనమని లెక్క చూపితే, 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక దాన్ని 75 పైసలుగా తేల్చింది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ప్రపంచంలోని 245 పెద్ద డ్యాములను పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అసలు ఖర్చు అంచనాకన్నా సగటున 96 శాతం ఎక్కువైందని 2014లో చూపారు. అంచనా వేసేవాడికి తక్కువ చెప్పడంలోనే లాభం ఉన్నప్పుడు ఇంకోలా ఎందుకు జరుగుతుంది?

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. ప్రాజెక్టులు రాకపోతే పాలమూరు ఇంకా బొంబాయి బస్సెక్కుతూనే ఉండేది కదా అంటారు. నిజమే. దేశమంతా డ్యాములు కట్టడానికి కూలీలను పంపిన జిల్లా ఇది. ఈ రోడ్డు పక్కన వరి పచ్చగా కనబడుతోందంటే ఆ కాలువల పుణ్యమే. పెద్ద ప్రాజెక్టులు వద్దని నేననడం లేదు. కానీ ఆ పచ్చదనాన్ని ఇచ్చింది పొలానికి చేరిన నీరు. కనుక తర్వాతి రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ ఎకరాలు పచ్చబడతాయన్నదే ప్రశ్న. తొంభై శాతం అయిన పనిలో మిగిలిన పదిశాతం పూర్తి చేస్తే అప్పటిదాకా పెట్టిన డబ్బంతా పనికొస్తుంది. కొత్త పని మొదలుపెడితే వడ్డీ ఒక్కటే పెరుగుతుంది.

రెండో అభ్యంతరం నీటి హక్కుది. ఇప్పుడు కట్టకపోతే ఎగువన కర్ణాటక, అవతల ఆంధ్ర వాడేసుకుంటాయి; 2005 తర్వాత శ్రీశైలం నుంచి నీరు మళ్లించే పోతిరెడ్డిపాడును 44 వేల క్యూసెక్కులకు పెంచింది చూశాం కదా అంటారు. 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విచారణాంశాలు ఇచ్చాక బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ ముందు ఈ వాదం మరింత గట్టిగా వినబడుతోంది. నేను దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే బచావత్ ట్రైబ్యునల్ ముందుగా కాపాడింది 1960 నాటికి వాడుకలో ఉన్న, లేదా ఖరారైన నీటినే. ట్రైబ్యునల్ ముందు నిలబడేది పారిన కాలువ, పండిన పంట. జూరాల కోటా చివరి ఎకరం దాకా వాడి చూపడమే తెలంగాణ చేతిలోని గట్టి ఆధారం.

మూడోది, ఎవరో ఒకరు భూమి కోల్పోక తప్పదన్న మాట. 1981లో శ్రీశైలం ముంపు గ్రామాలను ఖాళీ చేయించినప్పుడూ ఇదే చెప్పారు. ఉద్యోగాలిస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ హామీ కోసం ముంపు కుటుంబాలు దశాబ్దాలు తిరిగాయి. ఇక్కడికి దగ్గరలోనే భీమా కింద కట్టిన కానాయపల్లి శంకరసముద్రం రిజర్వాయరు ఉంది. పునరావాసం తేలక దాన్ని ఏళ్ల తరబడి నిండుగా నింపలేకపోయారు. నిర్వాసితుల డబ్బు ఆపి మిగిల్చింది ఏమిటి? కట్టిన రిజర్వాయరు ఖాళీగా ఉండటమే. పునరావాసం దయాధర్మం కాదు, ప్రాజెక్టు ఖర్చులో మొదటి పద్దు.

కనుక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటే. ప్రతి యాసంగి ముగిశాక ప్రతి ప్రాజెక్టులో చివరి తూముకు ఎన్ని రోజులు నీళ్లు వచ్చాయో ఊరి పంచాయతీ గోడ మీద రాయాలి. ఆ అంకె మెరుగుపడేదాకా అదే జలాశయం మీద కొత్త ఆయకట్టు ప్రకటించకూడదు. ఓటడగడానికి వచ్చే నాయకుణ్ని పెబ్బేరు రైతు ఎన్ని వేల కోట్లు తెచ్చావని కాకుండా, నా తూముకు ఎన్ని రోజులు నీళ్లు తెచ్చావని అడిగితే చాలు.