గిన్నె అడుగున ఉప్పు

పరదేశం వెళితే అక్కడి తిండి తినవచ్చునా, లేక ఇంటినుంచి తీసుకువెళ్ళిన పులిహోర పొట్లాలనే నమ్ముకోవాలా అని చాలామంది నన్ను అడుగుతూ ఉంటారు. తినండి. నేనూ తిన్నాను. అయితే నిరుడు హనోయిలో జరిగిన సంగతి ఒకటి విని మరీ తినండి.

వియత్నాం రాజధాని హనోయిలో హువాన్ కియెమ్ సరస్సు దాటగానే పాతబస్తీ మొదలవుతుంది. ఒకప్పుడు ఏ వీధిలో ఏ సరుకు అమ్మేవారో ఆ పేరే ఆ వీధికి పెట్టారు. వెండి వీధి, చక్కెర వీధి, చివరికి ఉప్పు వీధి కూడా ఉంది! అక్కడొక చిన్న హోటల్లో నేనూ, నా చిన్ననాటి స్నేహితుడూ మోకాలెత్తు పీటలమీద కూర్చున్నాం. అతనికి పదేళ్ళుగా రక్తపుపోటు ఉంది.

ఆ దేశస్థులు పొద్దున్నే ఇష్టంగా తినే వంటకం 'ఫో'. ఎముకలను గంటలతరబడి మరిగించి, అందులో అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం, ఉల్లిపాయ వేస్తారు. ఆ వేడి పులుసులో బియ్యపుపిండితో చేసిన వెడల్పాటి సేమ్యా, మాంసం, పైన ఉల్లికాడలు, కొత్తిమీర. గొడ్డుమాంసంతోనూ చేస్తారు, కోడిమాంసంతోనూ చేస్తారు. మేము కోడిది చెప్పాం. వాసనకే ఆకలి రెట్టింపయింది.

పక్కన వేయించిన చుట్టలు, వాటితో పుదీనా, పచ్చి ఆకులు పెట్టారు. మావాడు ఆ పళ్ళెం నావైపు తోసి, "నూనె సరుకు నాకొద్దురా డాక్టరూ, బి.పి. మనిషిని" అన్నాడు. ఆ తరువాత బల్లమీది సీసాలోని చేపరసం గిన్నెలో ధారాళంగా ఒంపుకుని, పులుసు అడుగంటా తాగాడు. నేను నవ్వుతూ చూస్తున్నాను. డాక్టర్నయి ఉండీ ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి తలనొప్పి అంటూ నా గది తలుపు తట్టాడు. పోటు చూస్తే 176/104! "మాత్ర వేసుకున్నావా?" అంటే తల దించుకున్నాడు. ఆ మాత్రకు మాటిమాటికీ మూత్రం వస్తుందట. బస్సులో ఇబ్బందని ఐదు రోజులుగా మానేశాడట! వెంటనే మాత్ర వేయించాను. అదృష్టవశాత్తూ ఛాతీ నొప్పిగాని, మాట తడబడటంగాని, కాలూ చెయ్యీ లాగటంగాని లేవు. ఉంటే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. మూడు రోజులకు పోటు దారికి వచ్చింది.

ఇందులో మీరు గ్రహించవలసిందేమిటి? చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన రసమే వారి 'నువాక్ మామ్'. ఒక పెద్ద చెంచాడు రసంలో మూడు గ్రాములకు పైగా ఉప్పుంటుంది. పెద్దవారు రోజు మొత్తంమీద ఐదు గ్రాములకు లోపే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పు ఒంట్లో నీటిని నిలుపుతుంది, దాంతో పోటు పెరుగుతుంది. మా స్నేహితుడు నూనెకు భయపడ్డాడేగాని, ద్రవంలో దాగిన ఉప్పును కనిపెట్టలేదు. ఇంట్లో ఆవకాయ మానేసి, హోటల్లో సాంబారు రెండు గిన్నెలు తాగేవారు కూడా ఇంతే సుమండీ!

కనుక సేమ్యా, మాంసం, ఆకులు హాయిగా తినండి. పులుసు రుచి చూసి మిగతాది వదిలేయండి. చేపరసానికి బదులు నిమ్మరసం పిండుకోండి. శాకాహారులైతే 'చాయ్' అని అడగాలి. అక్కడ దానికి అర్థం తేనీరు కాదు, శాకాహారం! అలా అడగకపోతే కూరగాయల వంటలోనూ చేపరసం పడవచ్చు. వేరుశనగ, రొయ్యలు పడనివారు ముందే చెప్పాలి.

ఇక అన్నిటికంటె ముఖ్యం, ప్రయాణమని మాత్రలు మానకండి. ఇబ్బందిగా ఉంటే వేళ మార్చవచ్చునేమో బయలుదేరేముందే మీ డాక్టర్ని అడగండి.

తిరుగు ప్రయాణానికి ముందురోజు మళ్ళీ అదే హోటలుకు వెళ్ళాం. ఈసారి మావాడి గిన్నెలో సగం పులుసు మిగిలింది. "రుచి మాత్రం తగ్గలేదురా!" అన్నాడు.