పడవకి మాటు

అమ్మానాన్నలు అమెరికా వెళ్తే మొదటి నెల సరదాగానే గడుస్తుంది. రెండో నెల నుంచే మొదలవుతుంది... పొద్దుపోని బాధ! మిన్నెసోటాలో కొడుకు దగ్గరికి వెళ్లిన ఓ కోనసీమ పెద్దాయన పరిస్థితీ అదే. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి, మనవడు బడికి. 'టికెట్టు ముందుకు మార్పించరా, వెళ్లిపోతాను' అనేశారాయన.

అప్పుడే గ్యారేజీ మూలన ఓ ప్లాస్టిక్ పడవ కంటపడింది. 'కనూ' అంటారక్కడ. రెండు కొసలూ సన్నగా ఉంటాయి, తెడ్డుతో నడుపుతారు. మిన్నెసోటా నిండా సరస్సులే కాబట్టి, పాతది చవగ్గా వస్తే మనవడి కోసం కొన్నారు. రాయి తగిలి అడుగున జానెడు మేర చీలింది. కొడుకు రెండుసార్లు జిగురు పెట్టాడు. రెండుసార్లూ పెచ్చులా ఊడొచ్చింది. ఇక పారేద్దామనుకున్నాడు.

తప్పు జిగురుది కాదు. ఆ పడవ పాలిథిలీన్‌తో చేసింది. మనిళ్ల మీద కనిపించే నీళ్ల ట్యాంకులదీ అదే జాతి. 1933లో ఇంగ్లాండులో అనుకోకుండా తయారైన ఈ ప్లాస్టిక్‌కి మామూలు జిగుర్లేవీ పట్టవు. కరిగించి, దాన్ని దాంతోనే అతకాలి. పెద్దాయనకి ఈ రసాయనశాస్త్రం తెలీదు. కానీ 'బకెట్లకి మాట్లేస్తాం' అంటూ వీధిలోకి వచ్చేవాళ్లు కాల్చిన ఇనప కడ్డీతో ఏం చేసేవారో బాగా గుర్తుంది. ఆ మాట వినగానే మనవడికి హుషారొచ్చింది.

పగులు ఇంకా పాకకుండా రెండు చివర్లా సన్నటి రంధ్రాలు వేశారు. గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచారు. పగులు వెంట చిన్న గాడి తీశారు. పడవ అంచున మిగులుగా ఉన్న ప్లాస్టిక్‌నే పట్టీలుగా కోశారు. గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, సోల్డరింగ్ ఐరన్ పట్టారు. మొదటిరోజు పట్టీ కరిగింది కానీ పడవ కరగలేదు. చల్లారాక పట్టుకు లాగితే ఊడొచ్చింది! రెండూ కరిగి కలిస్తేనే అతుకు. అలాగని పొగ వచ్చేదాకా కాలిస్తే పెళుసెక్కుతుంది. ఆ కిటుకు పట్టుబడేదాకా ఖాళీ పాలడబ్బాల మీద ఇద్దరూ సాధన చేశారు. అడుగున త్రికోణంలో 2 అంకె ఉండే ఆ డబ్బాలూ పాలిథిలీన్‌వే. తాతయ్యకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, మనవడికి తెలుగు అంతే. అయినా 'ఇంకొంచెం', 'చాలు', 'ఆగు'... ఈ మూడు మాటలతోనే పని నడిచిపోయింది. టికెట్టు ఊసు మళ్లీ రాలేదు.

నాలుగో శనివారం పడవలో గొట్టంతో నీళ్లు నింపి గంటసేపు చూశారు. అడుగున చుక్క లేదు. ఆ మర్నాడు లైఫ్‌జాకెట్లు వేసుకుని, లోతులేని ఒడ్డు వెంటే తాతా మనవళ్లు తెడ్డేశారు. అతుకు చూడ్డానికి కుట్లు పడ్డ గాయంలా ఉంది. అయితేనేం!

పాత ప్లాస్టిక్‌కి ఎండే శత్రువు. వాడనప్పుడు నీడలో బోర్లించి ఉంచాలి. తాతయ్య ఊరెళ్లిపోయాక ఆ బాధ్యత మనవడు తీసుకున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు చెప్పేదీ అదే... 'మాటు బాగుంది తాతయ్యా!'