ప్రేగుశస్త్రము: ఇంటివా రెఱుగవలసిన సంగతులు

దేహమును తొమ్మిది ద్వారముల పురమని పెద్దలు చెప్పుదురని చిన్ననాట మా తండ్రిగారి యొద్ద చదువుకొంటిమి. ఆ పురమునకు వైద్యు డింకొక ద్వారమును తెఱవవలసిన దినము వచ్చునని మాత్రము నాడెఱుగము. గత సంవత్సరము మా ఆడుబిడ్డకు అట్టి శస్త్రము జరిగినది. ఆమె యనుమతితోడనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నాలుగేండ్లుగా ఆమెకు పెద్దప్రేగులో పుండ్లు పడి రక్తవిరేచనము లగుచుండెను. వైద్యులు దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అందురు. మందులకు లొంగనప్పుడు పెద్దప్రేగును తీసివేసి, చిన్నప్రేగు చివరిభాగమును సాధారణముగా పొట్టకు కుడివైపున రంధ్రముగుండ వెలికి తెచ్చి కుట్టుదురు. ఇదియే ఇలియాస్టమీ. మలము పొట్టకంటించిన సంచిలోనికి చేరును. కొందఱికిది కొన్ని నెలలు మాత్రమే యుండును. పిమ్మట ప్రేగును మరల లోపల కలుపుదురు. కొందఱికి జీవితాంతము నుండును. తమకేది వర్తించునో ముందే యడిగి తెలిసికొనవలెను. పూర్వము ప్రేగుకొన చర్మముతో సమముగ నుండుటచే మలము సోకి చర్మము పుండగుచుండెను. 1952లో ఆంగ్లవైద్యుడు బ్రయన్ బ్రూక్ ఆ కొనను వెలికి మడిచి మొగ్గవలె నిలుపు పద్ధతిని ప్రకటించెను. నేటికిని అదియే యాధారము.

ఆసుపత్రిలో నర్సు సంచి మార్చుట చూపుచుండగా మేము మొగము త్రిప్పుకొంటిమి. ఆడుబిడ్డ అది చూచినది. ఆ రాత్రి మెల్లగా, “వదినా, నీకే రోత కలిగితే ఇక ఇంట్లోవాళ్ళ మాటేమిటి?” అనినది. మేము చదివిన చదువంతయు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినది. మరునాడు చేతులు కడుగుకొని నర్సుప్రక్కన నిలిచి నేర్చుకొంటిమి.

ఆ కొన ఎఱ్ఱగా, తడిగా, నోటిలోపలి చర్మమువలె నుండును. తాకినను నొప్పి యుండదు. తుడుచునపుడు చుక్కరక్తము కనబడిన భయపడనక్కఱలేదు. నల్లబడినచో తక్షణమే వైద్యునికి చూపవలెను. మొదటి వాపు ఆఱు, ఎనిమిది వారములలో తీయును గనుక, అప్పుడప్పుడు కొలిచి సంచి రంధ్రమును తగినట్లు కత్తిరించుకొనవలెను. సంచి మూడవవంతు నిండగనే ఖాళీచేయవలెను. అంటించు బిళ్ళను మూడు నాలుగు దినముల కొకసారి, ఉదయమున ఏమియు తినకముందు మార్చుట సులభము. గోరువెచ్చని నీట కడిగి, చర్మమును బాగుగ తడియార్చి అంటింపవలెను.

పెద్దప్రేగు లేనివారికి నీరును ఉప్పును ఒంట నిలువవు. మా అత్తగారు ప్రేమకొలది చెంబులతో వట్టినీరు త్రాగించిరి. ఆమె కళ్ళు తిరిగి ఒరిగిపోయినది. వట్టినీరు చాలదనియు, ఓఆర్ఎస్ నీరు కావలయుననియు, ఉప్పు వేసిన మజ్జిగయు మంచిదేననియు అప్పుడు తెలిసినది. తొలి వారములలో మెత్తని అన్నము, పప్పుకట్టు, పెరుగు, మాగిన అరటిపండు మేలు. కొబ్బరి, మొక్కజొన్న, పీచుకూరలు ప్రేగున అడ్డుపడవచ్చును. ఏది తినినను మెత్తగా నమలవలెను. సంచిలోనికేమియు రాక కడుపునొప్పి, వాంతులు కలిగినచో ఆసుపత్రికి పోవలెనే గాని, విరేచనపుమందు ఈయరాదు.

మా అత్తగారు మడిపట్టింపు గలవారు. ఆడుబిడ్డ ఇల్లు చేరినది మొదలు వంటయింటి గడప దాటక నిలిచి చూచుచుండెను. ఒకనాడు మేము తెగించి, “అత్తయ్యగారూ, మనందఱికి లోపల నున్నదే ఆమెకు వెలుపల నున్నది. అంతకన్న భేదము లేదు” అంటిమి. ఆ దినమంతయు ఆమె మాటాడలేదు. మరునాటి ఉదయమున కూతును చూచి, “స్నానమైందా? అయితే రా, చారుకు పోపు పెట్టు” అనిరి.

ఇప్పు డామె స్నానము చేయును, చీర కట్టును, పేరంటములకు వచ్చును. వైద్యుల సలహాతో బిడ్డలను గూడ కనవచ్చునట. ప్రాణము నిలుపుట వైద్యుని పని. ఇంట మునుపటి చోటు నిలుపుట మన పని. ఏ సోదరి యింటనైన ఇట్టి దినము వచ్చినచో, మావలె మొగము త్రిప్పుకొనవలదని మా ప్రార్థన.