ఇంటికీ కొలువుకూ నడుమ

మొఘల్‌పురాలోని మా ఇంటి వీధి తలుపుకు పాతకాలపు ఇనుప గొళ్లెం ఉంది. రాత్రి తొమ్మిదింటికో తొమ్మిదిన్నరకో ఆ గొళ్లెం చప్పుడయ్యే దాకా మా అమ్మ అన్నం ముట్టేది కాదు. ఎనభై దాటిన ఆమెకు మనుమడూ అతని భార్యా క్షేమంగా ఇల్లు చేరారని తెలిపేది ఆ చప్పుడే. మా అబ్బాయి మాదాపూర్‌లో, కోడలు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పొద్దున ఎనిమిది దాటగానే బయలుదేరేవారు. తిరిగి వచ్చేసరికి నాలుగేళ్ల మనుమరాలు నా భార్య ఒడిలో నిద్రపోయి ఉండేది.

ఒకనాటి రాత్రి మా అబ్బాయి మెల్లగా అన్నాడు: "అబ్బా, ఆఫీసుకు దగ్గరలో ఇల్లు చూసుకుందామనుకుంటున్నాం."

నాకు కోపం వచ్చింది. తాతల నాటి ఇల్లు, వీధి చివరనే మస్జిద్, పిలిస్తే పలికే బంధువులు, ఇవన్నీ విడిచి అద్దె కొంపలోకి పోతావా అని గట్టిగానే అడిగాను. వాడు ఎదురు చెప్పలేదు. "మూడు రోజులు నాతో రండి, అబ్బా. ఆ తర్వాత మీరు ఎలా అంటే అలాగే" అన్నాడు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాకు తీరికకు కొదవ లేదు. అలా ఈ ప్రయాణం మొదలైంది.

మూడు రోజులు, మూడు దారులు

మొదటి రోజు బస్సులో వెళ్లాం. కోఠీకి చేరి, అక్కడ కొండాపూర్ వెళ్లే 127కె ఎక్కాం. లకిడీకాపూల్ దాటేసరికే నిలబడడానికి చోటు లేదు. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ప్రయాణం ఉచితమైంది. పనులకు వెళ్లే ఆడవారు ఎందరో ఆ బస్సులో కనిపించారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు చాలాసేపు కదలలేదు. ఎనిమిదింటికి ఇల్లు విడిచిన మేము సైబర్ టవర్స్ ముందు దిగేసరికి పది కావచ్చింది.

ఆ గుండ్రని భవనాన్ని 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పట్లో మాదాపూర్ అంటే బండలూ తుప్పలూ నిండిన ఊరిపొలిమేర. ఇప్పుడు అక్కడి నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. నగరపు కొలువులు పడమటికి తరలిపోయాయి. మాలాంటి వారి ఇళ్లు మాత్రం మూసీకి దక్షిణాన, నాలుగు వందల ఏళ్లనాటి వీధులలోనే ఉండిపోయాయి.

రెండవ రోజు మెట్రో. అయితే అది పాతబస్తీలోకి రాదు. చార్మినార్ మీదుగా ఫలక్‌నుమా వరకు వేయవలసిన మార్గం మొదటి ప్రణాళికలోనే ఉన్నా, తక్కిన మార్గాలు పూర్తయిన తర్వాత కూడా అది కాగితం మీదే నిలిచింది. ఆ మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అందువల్ల ఆటోలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ చేరి, అక్కడ రైలెక్కి, అమీర్‌పేటలో దిగి, జనప్రవాహంతో పాటు మెట్లెక్కి రాయదుర్గం వెళ్లే రైలు పట్టుకున్నాం. 2019లో రాయదుర్గం వరకు వచ్చిన ఈ మార్గం లేకుంటే తమ ఉద్యోగాలు సాగేవి కావని కోడలు చెప్పింది. ఆటో కోసం నిరీక్షణ, అమీర్‌పేటలో మార్పు, దిగాక మరికొంత నడక, అన్నీ కలిపితే గంటన్నరకు కొద్దిగా తక్కువ.

యాకుత్‌పురా నుంచి ఎంఎంటీఎస్ రైలు కూడా ఉంది కదా అన్నాను. 2003లో మొదలైన ఆ రైళ్ల టికెట్టు అన్నిటికంటే చవక. కానీ అవి కాచిగూడ, సికింద్రాబాద్‌ల మీదుగా సగం నగరాన్ని చుట్టి వెళతాయి, పైగా తక్కువగా నడుస్తాయి. హైటెక్ సిటీ స్టేషనులో దిగాక కూడా మేడల దాకా మళ్లీ ఆటో వెతుక్కోవాలి. హఫీజ్‌పేటలోనో చందానగర్‌లోనో ఉండేవారికి అది వరమే, మాకు కాదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మగ్రిబ్ అజాన్ వేళకు మేము రైలులో ఉన్నాం. నమాజు కోసం మధ్యలో దిగి, మస్జిద్ వెతుక్కుని, మళ్లీ స్టేషనుకు వచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. "రంజాన్‌లో ఏం చేస్తావు?" అని అడిగాను. "ఎన్నోసార్లు ఎవరో చేతిలో పెట్టిన ఖర్జూరంతో దారిలోనే ఇఫ్తార్ అయింది" అన్నాడు. ఆ మాట విన్నాక నా కోపం సగం చల్లారింది.

రాత్రి కాగితం మీద లెక్క వేశాను. పోనూ రానూ రోజుకు మూడు గంటలు. వారానికి పదిహేను. సెలవులు తీసివేసి ఏడాదికి 48 వారాలనుకుంటే 720 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి సరిగ్గా 30 రోజులు. ఏడాదిలో ఒక నెల మా పిల్లలు దారిలోనే గడుపుతున్నారు. ఆ నెలను ఇస్తున్నది వాళ్లు మాత్రమే కాదు, ఒడిలో నిద్రపోయే పసిబిడ్డ, ఆకలితో కూర్చునే ముసలితల్లి కూడా.

మూడవ రోజు మెహదీపట్నం మీదుగా టోలీచౌకీ వెళ్లాం. అక్కడి నుంచి 2022 జనవరిలో తెరిచిన షేక్‌పేట పైవంతెన ఎక్కితే 2.8 కిలోమీటర్ల మేర కూడళ్ల బెడద లేదు. రద్దీ వేళలో కూడా అరగంటలో రాయదుర్గం చేరాం. వంతెన దిగాక ముందున్న కూడళ్లలో వాహనాలు బారులు తీరే ఉంటాయి. అయినా గంటన్నర ఎక్కడ, అరగంట ఎక్కడ!

గోల్కొండ వారూ ఇల్లు మారారు

టోలీచౌకీ నుంచి చూస్తే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనుక గోల్కొండ కోట కనిపిస్తాయి. ఈ నగరమే ఒక కాపురం మార్పుతో పుట్టిందని అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది. కోటలో జనం కిక్కిరిసి, నీటికి ఇబ్బంది ఏర్పడినప్పుడు కుతుబ్‌షాహీలు మూసీ ఆవలి ఒడ్డుకు చూపు సారించారు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో పురానాపూల్ కట్టారు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ నడిమధ్యగా కొత్త నగరానికి పునాది వేశాడు. ముందు వంతెన, ఆ తర్వాత ఇళ్లు. నేడు మా అబ్బాయి అదే దారిలో వెనక్కి, గోల్కొండ వైపు వెళతానంటున్నాడు. పూర్వీకులు చేసిన పనినే వాడూ చేస్తుంటే తప్పు పట్టడమెలా?

అయినా ఒక సంగతి నన్ను వెనక్కి లాగింది. మదీనాలో బనూ సలమా తెగవారి ఇళ్లు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవి. వారు మస్జిద్ దగ్గరికి తరలిరావాలని తలచినప్పుడు, ఉన్నచోటనే ఉండమని, వారు వేసే ప్రతి అడుగూ వారి పేర నమోదవుతుందని దైవప్రవక్త (సఅసం) వారికి తెలియజేసినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. మదీనా శివార్లు జనం లేక బోసిపోవడం ఆయనకు ఇష్టం లేదని కూడా ఉల్లేఖనాలు చెబుతాయి. అది మస్జిద్ వైపు వేసే అడుగుల ముచ్చట, కొలువుకు పోయే దారికి దానిని ముడిపెట్టలేను. కానీ శివార్లు బోసిపోతాయన్న చింత నాకు అర్థమైంది. మా వీధిలో చదువుకున్న పిల్లలందరూ పడమటికి తరలిపోతే జుమా నాడు ముందు వరుసలో మిగిలేది మాలాంటి ముసలివారమే.

మరొక ఉల్లేఖనం దారి చూపింది. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా ఎగువ భాగమైన అవాలీలో నివసించేవారు. ఆయన, అన్సారీ అయిన ఆయన పొరుగువారు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వంతులవారీగా వెళ్లేవారు. ఒకనాడు ఒకరు వెళ్లి ఆనాటి విశేషాలు తెచ్చి రెండవవారికి చెప్పేవారు. రెండవ వారు ఆ రోజు తమ పని చూసుకునేవారు. దూరం తగ్గనప్పుడు వంతులు వేసుకోవచ్చన్నమాట.

ఇల్లు చూసేవారికి

ముఖద్దిమాలో ఇబ్న్ ఖల్దూన్ నగరానికి స్థలం ఎంచేటప్పుడు గాలి, నీరు, మేత, కట్టెలు, రక్షణ అన్నిటినీ చూడాలని వివరించాడు. కూఫా, బస్రా, ఖైరవాన్ నగరాలకు స్థలం ఎంచినవారు ఒంటెల మేతనొక్కటే చూసి తక్కినవి విస్మరించారని విమర్శించాడు. ఆఫీసు దూరం ఒక్కటే చూసి ఇల్లు ఎంచుకునేవారికీ ఆ విమర్శ వర్తిస్తుంది. మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

దారిని ఆదివారం కొలవకండి. మంగళవారమో బుధవారమో, పని వేళకే, గడప నుంచి గడప దాకా కొలవండి. వానాకాలంలో ఒకసారి ఆ వీధిని చూడండి. 2020 అక్టోబరు వరదలలో టోలీచౌకీలోని నదీమ్ కాలనీ మునిగిపోయింది. అందుకే మేము చెరువు పల్లానికి దూరంగా, మెరక మీద ఇల్లు వెతికాం. అద్దెకు ప్రయాణ ఖర్చు కలిపి పోల్చండి. మణికొండలో ఆఫీసు ఇంకా దగ్గరే, కానీ మేము చూసిన ఇళ్ల అద్దె మా తాహతుకు మించింది. కొనుక్కోవచ్చుగా అన్నవారూ ఉన్నారు. వడ్డీ అప్పు నెత్తిన పెట్టుకుని సొంత ఇంటివారమనిపించుకోవడం మాకు సమ్మతం కాలేదు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగులుంటే ఎక్కువ ఆలస్యమయ్యే వారి దారిని ముందు చూడండి. చీకటి పడ్డాక ఆ ఇంటి ఆడపడుచు బస్సు దిగి నడిచే వీధిలో దీపాలున్నాయో లేదో తప్పక చూడండి.

చివరకు పిల్లలు టోలీచౌకీలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మా అబ్బాయి సంస్థను అడిగి సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు సంపాదించాడు. ఆ రెండు రోజులూ బిడ్డను వాడే చూసుకుంటాడు. మిగతా మూడు రోజులకు నా భార్య వెళుతుంది. శుక్రవారం సాయంత్రం అందరూ మొఘల్‌పురాకు వస్తారు, ఆదివారం రాత్రి తిరిగి వెళతారు. వచ్చే ఏడు మనుమరాలు బడిలో చేరితే ఈ ఏర్పాటు ఎలా మారుతుందో చూడాలి.

ఇప్పుడు బిడ్డ తండ్రి చేతి ముద్ద తిని నిద్రపోతోందని నా భార్య చెబుతుంది. వాడు మగ్రిబ్ ఆఫీసు దగ్గరే ముగించుకుని, ఇషాకు ఇంటి పక్క మస్జిద్‌లో ఉంటున్నాడు. అల్ హందులిల్లాహ్. ఇక్కడ నేనూ అమ్మా ఎనిమిదింటికల్లా భోజనం చేస్తున్నాం. అయితే మంగళవారమైనా బుధవారమైనా తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుంటుంది. "వచ్చారా?" అని అడుగుతుంది. టోలీచౌకీకి ఫోను కలిపి ఆమె చేతికిస్తాను. మనుమడి గొంతు విన్నాక పడుకుంటుంది.